ఒంటికి పడని లోహం, ఒంట్లో వేసే పిన్ను

క్లుప్తంగా: గిల్టు నగ పెట్టుకుంటే చెవులు రసి కారేవారికి ఆపరేషన్ తరవాత కోతను మూసేందుకు వేసే లోహపు పిన్నులు (స్టేపుల్స్) కూడా పడవేమోనన్న సందేహం తరచు వినిపిస్తుంది. గిల్టు పడకపోవడానికి సాధారణ కారణమైన నికెల్ అనే లోహం చర్మం మీద వేసే పిన్నుల్లో ఉన్న మాట నిజమే. అయితే వాటిని సాధారణంగా రెండు వారాల్లో తీసేస్తారు, పైగా వాటిని చేసే స్టెయిన్‌లెస్ ఉక్కు నుంచి బయటికి వచ్చే నికెల్ చాలా తక్కువ. లోపల శాశ్వతంగా ఉండిపోయే పిన్నులు ఎక్కువగా టైటానియంతో చేసినవి. గాయం చుట్టూ కనిపించే ఎరుపులో ఎక్కువ భాగానికి లోహంతో సంబంధం ఉండదు. ఈ మాటలకు మినహాయింపులు ఎక్కడున్నాయో, ఏ రోగి ముందుగా నోరు విప్పి చెప్పాలో కింది విశ్లేషణ చూపుతుంది.

ఫారంలో ఎక్కని మాట

నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో మోకాలి మార్పిడికో, పిత్తాశయంలో రాళ్లకో చెన్నై వచ్చిన రోగి ముందు, ఆపరేషన్‌కు ఒకరోజు ముందుగా ఒక ఫారం పెడతారు. షుగర్, బీపీ, ఆస్తమా, పాత ఆపరేషన్లు అన్నీ అయ్యాక అలర్జీల గడి వస్తుంది. నర్సు తమిళంలో ‘ఏదావదు ఒత్తుక్కాదా?’ అని అడుగుతుంది. వెంట వచ్చిన కూతురు ‘నీకేమన్నా పడవా అని అడుగుతున్నారమ్మా’ అని తెలుగు చేస్తుంది. ‘వంకాయ పడదు, గిల్టు పడదు’ అని తల్లి జవాబిస్తుంది. గడిలో మందుల పేర్లు మాత్రమే రాసే అలవాటు వల్ల, ఆ జవాబులో నిజంగా పనికొచ్చే రెండో సగం కాగితం మీదికి ఎక్కకుండానే పోతుంది.

తెలుగులో ‘పడదు’, తమిళంలో ‘ఒత్తుక్కాదు’ ఇంట్లో ఎంత చక్కగా పనిచేసినా వైద్యానికి మరీ విశాలమైన మాటలు. పాలు తాగితే కడుపు ఉబ్బరించడానికి, దుమ్ముకు తుమ్ములు రావడానికి, పెన్సిలిన్ ఇంజక్షన్‌కు ఊపిరి అందకపోవడానికి, గిల్టు గొలుసుకు మెడ కందిపోవడానికి ఒకటే క్రియ. శరీరంలో జరిగేవి మాత్రం నాలుగూ వేరు. లోహపు అలర్జీ గురించిన గందరగోళంలో పెద్ద భాగం ఈ ఒక్క క్రియ దగ్గరే మొదలవుతుంది. పెన్సిలిన్‌లాగా నికెల్ కూడా ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం మీదికి తెస్తుందేమోనని కొందరు భయపడతారు. మరికొందరు నగల సంగతి డాక్టరుకెందుకని అసలు చెప్పరు. రెండూ సరికావు.

పిన్నుల్లో రకాలు

ఆపరేషన్ థియేటర్‌లో స్టేప్లర్ అనే మాట వేర్వేరు పనిముట్లకు వాడతారు. వాటిలో రోగి కంటికి కనిపించేది చర్మం మీద వేసేది. చేతిలో ఇమిడే ప్లాస్టిక్ పిస్తోలు లాంటి ఆ పరికరాన్ని గాయం అంచుల మీద ఆనించి మీట నొక్కితే, లోపలి తీగ రెండు చోట్ల వంగి, దాని కాళ్లు చర్మంలోకి దిగి ఒకదానికొకటి ఎదురుగా మడుచుకుంటాయి. మూసుకున్న పిన్ను దాదాపు 7 మి.మీ. వెడల్పు, 4 మి.మీ. ఎత్తు ఉన్న చిన్న చట్రంలా ఉంటుంది. తీగ మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. అడుగున కాళ్ల కొనలు పూర్తిగా కలవవు. అందుకే తీసే రోజున ప్రత్యేకమైన పట్టకారుతో పిన్ను నడుమును నొక్కగానే అది కిందికి వంగి, కాళ్లు పక్కలకు విచ్చుకుని, పిన్ను చీమ కుట్టినంత నొప్పితో ఊడి వస్తుంది. తల మీద వేసినవి వారం పది రోజుల్లో, మోకాలి వంటి వంగే చోట్ల వేసినవి 10 నుంచి 14 రోజుల్లో తీసేస్తారు. ఇవి స్టెయిన్‌లెస్ స్టీలువి, ఎక్కువగా 316ఎల్ అనే రకం ఉక్కుతో చేసినవి.

పేగు కోసి అతికేటప్పుడు, ఊపిరితిత్తిలో ముక్క తీసేటప్పుడు, బరువు తగ్గడానికి పొట్ట సైజు తగ్గించేటప్పుడు వాడేవి వేరు. ఒక్క నొక్కుతో పక్కపక్కనే పలు వరుసల పిన్నులు దిగి, వాటి మధ్య కణజాలం తెగుతుంది. ఒక్కో పిన్ను ఇంగ్లీషు ‘బి’ అక్షరం ఆకారంలో మడుచుకుంటుంది. ఆ ఆకారంలోని రెండు ఖాళీల గుండా సన్నటి రక్తనాళాలకు దారి మిగలడం వల్ల అతుకు చచ్చుబడకుండా మానుతుంది. వీటిని ఎవరూ తీయరు, జీవితాంతం లోపలే ఉంటాయి. ఇవి ప్రధానంగా టైటానియం లేదా టైటానియం మిశ్రమలోహంతో చేసినవి. పిత్తాశయం ఆపరేషన్‌లో నాళాన్ని, రక్తనాళాన్ని మూసే చిన్న క్లిప్పులు కూడా సాధారణంగా టైటానియంవే, కొన్ని ప్లాస్టిక్‌వి.

ఈ ఆలోచన పాతదే. 1908లో బుడాపెస్ట్‌లో హుమేర్ హుల్ట్ల్ అనే సర్జన్ వాడిన మొదటి స్టేప్లర్ మూడున్నర కిలోలకు పైనే తూగేది. 1920ల మొదట్లో అదే దేశానికి చెందిన అలదార్ పెట్జ్ దాన్ని తేలిక చేశారు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత సోవియట్ ఇంజినీర్లు టాంటలం అనే లోహపు తీగలతో పిన్నులు తయారు చేశారు. ఒంట్లో ఊరుకునే లోహం కోసం వెతుకులాట స్టేప్లర్‌తోపాటే సాగిందన్నమాట.

ఒంటికి నికెల్ ఎలా తెలుస్తుంది

లోహపు అలర్జీల్లో అన్నిటికన్నా సాధారణమైనది నికెల్‌ది. కోబాల్ట్, క్రోమియం తరవాతి స్థానాల్లో ఉంటాయి. ఐరోపా, ఉత్తర అమెరికా జనాభా అధ్యయనాలు ప్రధానంగా ఉన్న 2019 నాటి ఒక సమీక్ష లెక్కన, పరీక్షించినవారిలో నికెల్‌కు స్పందించినవారు సుమారు 11 శాతం. స్త్రీలలో ఇది పురుషులలో కన్నా ఎక్కువ. అందుకు కారణం చెవి పోగులే తప్ప స్త్రీల శరీరతత్వం కాదని నిపుణుల అభిప్రాయం.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. నికెల్ ముద్దగా ఉన్నంత కాలం శరీరానికి దానితో పేచీ లేదు. చెమటలోని ఉప్పు లోహాన్ని కొద్దికొద్దిగా తినేసి, నికెల్ అయాన్ల రూపంలో చర్మంలోకి దిగినప్పుడు, ఆ అయాన్లు మన ప్రోటీన్లకు అంటుకుని వాటి రూపాన్ని మార్చేస్తాయి. చర్మంలో కాపలా కాసే కణాలు ఆ మారిన ప్రోటీన్లను లింఫు గ్రంథులకు మోసుకెళ్లి చూపిస్తే, అక్కడ టి-కణాలు అనే రక్షణ కణాల్లో కొన్ని దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. ఈ మొదటి పరిచయం జరిగినట్టు రోగికి తెలియనైనా తెలియదు. మళ్లీ నికెల్ తగిలినప్పుడు ఆ కణాలు పోగై, ఒకటి నుంచి మూడు రోజుల్లో దురద, ఎరుపు, సన్నని నీటి పొక్కులు తెస్తాయి. నికెల్ అయాన్లు మనుషుల రక్షణ కణాల మీద ఉండే టీఎల్‌ఆర్4 అనే గ్రాహకాన్ని (ప్రమాద సంకేతాలను అందుకునే ప్రోటీన్‌ను) నేరుగా తట్టగలవని 2010లో జర్మనీ పరిశోధకులు చూపించారు. ఎలుకల గ్రాహకంలో ఆ పట్టు దొరికే చోటు లేకపోవడంతో వాటికి నికెల్ అలర్జీ అంత సులువుగా రాదు.

పెన్సిలిన్ అలర్జీతో పోలిస్తే తేడా ఇక్కడే బయటపడుతుంది. ప్రాణం మీదికి తెచ్చే పెన్సిలిన్ స్పందన యాంటీబాడీల ద్వారా నిమిషాల్లో వస్తుంది. నికెల్‌ది కణాల ద్వారా రోజుల్లో వచ్చేది, చాలావరకు చర్మానికే పరిమితమైనది. చర్మపు పిన్ను వేయగానే ఊపిరి అందకపోవడం, బీపీ పడిపోవడం నికెల్ అలర్జీ చేసే పని కాదు.

ఉన్నదెంత, ఊడేదెంత

316ఎల్ ఉక్కులో నికెల్ 10 నుంచి 14 శాతం, క్రోమియం 16 నుంచి 18 శాతం, మాలిబ్డినమ్ 2 నుంచి 3 శాతం ఉంటాయి. పదో వంతుకు పైగా నికెల్ ఉందనగానే నికెల్ పడనివారికి గుండె గుభేలుమనడం సహజం. కానీ చెన్నైవాళ్లు ఎవర్‌సిల్వర్ అని పిలిచే వంటింటి స్టీలు గిన్నెల్లో మంచి రకంలో (దీన్ని 304 అంటారు) కూడా దాదాపు 8 శాతం నికెల్ ఉంటుంది. గిల్టు దిద్దులు పడని ఆవిడే పొద్దున్న లేచి స్టీలు గ్లాసులో కాఫీ తాగుతుంది, స్టీలు చెంబు పట్టుకుంటుంది, చేతులకు ఏమీ కాదు.

కారణం క్రోమియం. గాలి తగిలిన మరుక్షణం ఉక్కు పైన క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. మందం కొద్ది నానోమీటర్లే గానీ, లోపలి నికెల్‌ను అది గట్టిగా పట్టి ఉంచుతుంది, గీత పడినా మళ్లీ అల్లుకుంటుంది. గిల్టు నగలో పరిస్థితి తలకిందులు. బంగారు పూత నిలవడానికి కింద నికెల్ పూత వేయడం పూత పనిలో మామూలు పద్ధతి. పైపూత అరిగాక ఆ నికెల్ చెమటకు నేరుగా దొరుకుతుంది. కృత్రిమ చెమటలో ముంచి కొలిచిన పరీక్షల్లో 304, 316ఎల్ ఉక్కులు వారానికి చదరపు సెంటీమీటరుకు 0.03 మైక్రోగ్రాము కన్నా తక్కువ నికెల్ వదిలితే, నికెల్ పూత వేసిన నమూనాలు 100 మైక్రోగ్రాముల దాకా వదిలాయి. రెండింటి మధ్య తేడా వేల రెట్లు. యూరోపియన్ యూనియన్ 1994లో తెచ్చిన నికెల్ నిబంధన కూడా ప్రధానంగా లోహంలో ఎంత ఉందని కాక ఎంత ఊడుతుందనే అడిగింది: చర్మానికి ఎక్కువసేపు తగిలే వస్తువులకు వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాము హద్దు.

ఉక్కులన్నీ ఒకటి కావన్నది కూడా చెప్పుకోవాలి. మరమీద సులువుగా కోయడానికి గంధకం కలిపిన 303 రకం ఉక్కు ఆ హద్దు దాటి నికెల్ వదులుతుంది. స్టెయిన్‌లెస్ అని రాసి ఉన్నంత మాత్రాన నగకు గానీ గడియారం పట్టీకి గానీ హామీ లేనిది అందుకే.

అలాగని చర్మపు పిన్నుకు చెమట పరీక్ష అంకెలు యథాతథంగా వర్తించవు. పిన్ను కాళ్లు పొడి చర్మం మీద ఉండవు, గాయపు రసిలో మునిగి ఉంటాయి. అందులో ఉప్పు ఉంది, చర్మపు పై పొర రక్షణ అక్కడ లేదు. కాబట్టి నికెల్ అలర్జీ బాగా తీవ్రంగా ఉన్నవారిలో పిన్నుల చుట్టూ ఎగ్జిమా రావడం అసంభవం కాదు. వైద్య పత్రికల్లో అలాంటి విడివిడి ఉదంతాలు నమోదయ్యాయి. నికెల్ పడనివారు ఎంతమందో, చర్మపు పిన్నులు రోజూ ఎన్ని వేస్తారో తలచుకుంటే, ఆ ఉదంతాలు అరుదుగానే ఉండటం గమనించదగ్గది.

గాయం చుట్టూ ఎరుపు: ఏది దేనికి గుర్తు

మోకాలి మార్పిడి అయి ఆరో రోజున కట్టు విప్పిన గాయాన్ని ఊహించుకోవచ్చు. నిలువు గీత, దానికి అడ్డంగా ముప్ఫై దాకా పిన్నులు, ఒక్కో పిన్ను కాలు దిగిన చోట చుక్కంత ఎరుపు, చుట్టూ కట్టు అంచు మేర కందిన చర్మం, కింది కొసన రెండు మూడు పొక్కులు. రోగి దురద అంటుంది. ఇంటిల్లిపాదీ తలో కారణం చెబుతారు.

మొదట చుక్కలు. చర్మంలో ఏ పరాయి వస్తువు దిగినా దాని చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఎరుపు వస్తుంది, నైలాన్ కుట్టు చుట్టూ కూడా వస్తుంది. గాయం మానే పనిలో అది భాగం. రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది గానీ పాకదు. పిన్ను మరీ బిగుతుగా పడినచోట వాపుతో చర్మం నొక్కుకుపోయి ఎరుపు ఇంకాస్త ఎక్కువగా కనిపిస్తుంది.

తరవాత కట్టు అంచు మేర కందిన చర్మం. దాని ఆకారం చూడాలి. నలుచదరంగా, గీత గీసినట్టు, అంటుకునే ప్లాస్టర్ ఎక్కడ ఆగిందో అక్కడే ఆగితే అది పిన్నుల పని కాదు, ప్లాస్టర్ జిగురు పని. స్టిక్కర్ బొట్టు పెట్టిన చోట గుండ్రంగా దురద, తెల్లమచ్చ రావడం చాలా ఇళ్లలో ఎరిగిన సంగతే. అక్కడా తప్పు జిగురుదే. ఆపరేషన్‌కు ముందు పూసే పావిడోన్ అయోడిన్ ద్రావణం నడుము కిందికో, పట్టీ కిందికో చేరి ఆరకుండా నిలిస్తే కాలినట్టు ఎర్రబడుతుంది. గాయానికి రాసే నియోమైసిన్, నైట్రోఫ్యూరజోన్ ఆయింట్‌మెంట్లు స్వయంగా పేరుమోసిన అలర్జీ కారకాలు. మానడం లేదని మరికాస్త ఆయింట్‌మెంట్ రాసేకొద్దీ దురద పెరిగే విషవలయం వాటితోనే ఏర్పడుతుంది.

కొసన ఉన్న పొక్కులు మోకాలి వాపు వల్ల ప్లాస్టర్ కింద చర్మం లాగుకుపోయి వచ్చినవి కావచ్చు. మోకాలు, తుంటి ఆపరేషన్లలో అవి తరచు కనిపిస్తాయి.

నిజంగా నికెల్ వల్ల వచ్చే స్పందన వీటన్నిటికన్నా వేరుగా ఉంటుంది. దురద నొప్పిని మించిపోతుంది. పిన్ను కాళ్ల చుట్టూ సన్నని నీటి పొక్కులు గుంపుగా లేచి, రసి కారి, చెక్కు కడతాయి. ఎరుపు పిన్నుల వరుసనే అనుసరిస్తుంది, ప్లాస్టర్ అంచును కాదు. లోపల కరిగే దారంతో కుట్టి పైన పిన్నులు వేయని భాగం ఉంటే అక్కడ చర్మం మామూలుగా ఉంటుంది. అలర్జీ ముందే ఉన్నవారిలో ఇది రెండు మూడు రోజుల్లో మొదలవుతుంది. పిన్నులు తీశాక పైపూత స్టెరాయిడ్‌తో ఒకటి రెండు వారాల్లో సద్దుమణుగుతుంది.

వీటన్నిటిలో ఏమాత్రం ఆలస్యం చేయకూడనిది ఇన్ఫెక్షన్. నొప్పి తగ్గాల్సిన రోజుల్లో పెరగడం, వేడి, చీము, జ్వరం, ఎరుపు రోజురోజుకూ పైకి పాకడం దాని లక్షణాలు. షుగర్ ఉన్నవారిలో జ్వరం లేకుండానే ముదరవచ్చు. లోహపు అలర్జీ అనే అనుమానం చేసే అసలు చెరుపు ఇక్కడ ఉంది: దురద మాత్రలు వేసుకుంటూ ఇన్ఫెక్షన్‌ను నాలుగు రోజులు ఇంట్లో పెంచడం. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ తింటే దురదని పత్యం పెట్టడం మరో దారి. గాయం మానడానికి ప్రోటీన్ కావలసిన సమయంలో పప్పు మాన్పించడం వల్ల మేలేమీ లేదు.

వీపు మీద పరీక్ష

నికెల్ అలర్జీని నిర్ధారించేది ప్యాచ్ టెస్ట్. చర్మవ్యాధుల విభాగాల్లో వీపు మీద చిన్న చిన్న గుంటలున్న పట్టీలు అతికిస్తారు. ఒక గుంటలో వాజలిన్‌లో 5 శాతం నికెల్ సల్ఫేట్, మరొకదానిలో 1 శాతం కోబాల్ట్ క్లోరైడ్, ఇంకొకదానిలో పొటాషియం డైక్రోమేట్ ఉంటాయి. 48 గంటల తరవాత పట్టీ తీసి ఒకసారి, మళ్లీ నాలుగో రోజు ఇంకోసారి చూస్తారు. లోహాల స్పందన ఆలస్యంగా తేలవచ్చు గనక వారం రోజుల తరవాత మూడోసారి చూసేవారూ ఉన్నారు. ఆ రెండు రోజులూ వీపు తడపకూడదు, చెమట పట్టనివ్వకూడదు. చెన్నై మే నెలలో, అగ్ని నక్షత్రం ఎండల్లో ఈ నియమం పాటించడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. పట్టీ జారితే పరీక్ష వృథా. తొందర లేకపోతే డిసెంబరు, జనవరి నెలలు దీనికి అనువు. ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ఫలితం తప్పుగా ‘లేదు’ అని రావచ్చు.

పరీక్ష చెప్పేది చర్మం సంగతి. వీపు మీద నికెల్‌కు పొక్కులు వచ్చిన రోగికి లోపల వేసిన ఇంప్లాంట్ తప్పకుండా ఇబ్బంది పెడుతుందని అది చెప్పదు. చర్మ పరీక్షలో పాజిటివ్ వచ్చినా లోహపు ఇంప్లాంట్లతో హాయిగా తిరుగుతున్నవారు చాలామంది ఉన్నారు. అందుకే లోహంతో ఎన్నడూ ఇబ్బంది పడనివారికి ఆపరేషన్‌కు ముందు ఈ పరీక్ష అందరికీ చేయాలన్న వాదనను నిపుణుల సంఘాలు సమర్థించవు. గిల్టు, గడియారం, జీన్స్ బొత్తం వంటివాటితో స్పష్టమైన చరిత్ర ఉండి, ఇప్పుడు శాశ్వతంగా లోహం వేయబోతున్నవారికే దాని వల్ల ఉపయోగం. రెండు వారాల్లో తీసేసే చర్మపు పిన్నుల కోసం పరీక్ష చేయించి ఆపరేషన్ వాయిదా వేయడం అనవసరం. పిన్నుల బదులు నైలాన్ దారం వాడితే సమస్యే ఉండదు.

సిమెంటు, తోలు, క్రోమియం

చెన్నై, బెంగళూరు భవనాల పనిలో ఉన్న తెలుగు మేస్త్రీలలో, కూలీలలో మరో రకం లోహపు అలర్జీ కనిపిస్తుంది. తడి సిమెంటులో నీటిలో కరిగే రూపంలో ఉండే షట్సంయోజక క్రోమియం చేతుల చర్మంలోకి దిగి ఏళ్ల తరబడి మానని ఎగ్జిమా తెస్తుంది. తోళ్లు పదును చేసే పనిలో క్రోమియం లవణాలు వాడతారు, చెన్నైలోని క్రోంపేట పేరు కూడా అక్కడి పాత క్రోమ్ లెదర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే. తోలు చెప్పులకు పాదాలు పగిలేవారిలో కొందరికి కారణం ఇదే. అయితే పిన్ను ఉక్కులోని క్రోమియం ఆక్సైడ్ పొరగా బిగిసి ఉన్న వేరే రూపం. సిమెంటు పడని మేస్త్రీకి స్టీలు పిన్ను పడదని అనుకోవడానికి ఆధారం బలహీనం.

టైటానియం అనే పేరు చాటున

లోపలి పిన్నులు టైటానియంవి అన్న మాట సాధారణంగా ఊరటే. టైటానియం పైన ఏర్పడే ఆక్సైడ్ పొర ఉక్కు మీద కన్నా మొండిది, దానికి నిజమైన అలర్జీ చాలా అరుదు, దాన్ని పట్టిచ్చే నమ్మకమైన చర్మ పరీక్ష కూడా లేదు. కానీ పేరు చూసి నిశ్చింతగా ఉండకూడని చోటు ఒకటుంది. నిటినాల్ అనే మిశ్రమలోహాన్ని వాడుకలో కొందరు టైటానియం అనే చెప్పేస్తారు. నిజానికి దాని బరువులో సగానికి పైగా, సుమారు 55 శాతం, నికెల్. వంచినా తన పాత ఆకారం గుర్తుంచుకునే గుణం వల్ల పాదం ఎముకలను బిగించే కొన్ని ఎముక పిన్నుల్లో, కొన్ని స్టెంట్లలో, గుండె గోడలోని రంధ్రం మూసే పరికరాల్లో దాన్ని వాడతారు. ఇవి రెండు వారాల్లో తీసేవి కావు. నికెల్ చరిత్ర ఉన్న రోగి విషయంలో కార్డియాలజిస్టు గానీ ఎముకల డాక్టరు గానీ పక్కాగా ఆలోచించవలసింది ఇక్కడే. అప్పుడు కూడా చాలామందికి ఇబ్బంది రాదు. అయినా సంగతి ముందే తెలిసి చేయడం వేరు, తరవాత తెలియడం వేరు.

బైపాస్ ఆపరేషన్‌లో చీల్చిన రొమ్ము ఎముకను మళ్లీ కలిపే తీగలు కూడా సాధారణంగా స్టీలువే, అవి జీవితాంతం ఉంటాయి. వాటికి బదులు టైటానియం తీగలు వాడే వీలుంది. మోకాలి మార్పిడిలో వాడే కోబాల్ట్–క్రోమియం మిశ్రమంలో నికెల్ ఒక శాతం లోపే గానీ కోబాల్ట్ అరవై శాతానికి పైగా ఉంటుంది. నికెల్ పడనివారిలో కొందరికి కోబాల్ట్ కూడా పడదు.

పిన్ను బదులు ఏమిటి

చర్మం మూయడానికి పిన్నే కావాలన్న నియమం లేదు. పిన్నుకు ఉన్న బలం వేగం: పొడవాటి కోతను రెండు మూడు నిమిషాల్లో మూయగలదు. తలకు దెబ్బ తగిలి వచ్చినవారికి, మత్తులో గడిపే సమయం తగ్గించాల్సిన వృద్ధులకు ఆ వేగానికి విలువ ఉంది. కానీ అలర్జీ ఊసే లేని రోగుల్లో కూడా దారమే మేలని తేలిన సందర్భాలున్నాయి. 2014లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో సిజేరియన్ కోతను పిన్నులతో మూసినవారిలో 10.6 శాతం మందికి గాయపు సమస్యలు రాగా, దారంతో కుట్టినవారిలో 4.9 శాతం మందికే వచ్చాయి. ఎముకల ఆపరేషన్లలో పిన్నులతో ఇన్ఫెక్షన్ ముప్పు దారంతో కన్నా మూడు రెట్లకు పైగా ఉందని 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష తేల్చింది. అయితే అందులో చేర్చిన అధ్యయనాల నాణ్యత అంత బాగా లేదని ఆ రచయితలే ఒప్పుకున్నారు.

గాయాన్ని అతికే సైనోఅక్రిలేట్ జిగురు మూడో దారి. లోహం లేదు గనక నిరపాయమని దాన్ని అడిగేవారు ఒక సంగతి గమనించాలి: ఆ జిగురుకే అలర్జీ వచ్చిన కేసులు వైద్య సాహిత్యంలో బాగానే ఉన్నాయి, వస్తే కోత పొడవునా పట్టీలా వస్తుంది. నైలాన్, పాలీప్రొపిలీన్ దారాలకు అలర్జీ దాదాపు లేనట్టే.

పరికరం విఫలమైతే

స్టేప్లర్ల మీద ఆందోళన ఒక దశలో పెద్ద ఎత్తునే రేగింది, కానీ దానికి కారణం అలర్జీ కాదు. అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ సంస్థ 2011 జనవరి నుంచి 2018 మార్చి వరకు అందిన 41,000కు పైగా ఫిర్యాదులను తిరగేస్తే 366 మరణాలు, 9,000కు పైగా తీవ్ర గాయాలు కనిపించాయి. లోపలి పిన్నులు సరిగా మడుచుకోకపోవడం, వరుస విడిపోవడం, పరికరం మధ్యలో మొరాయించడం వంటివి అందులో ప్రధానం. ఆ తరవాత 2021లో లోపల వాడే స్టేప్లర్లను ఎఫ్‌డీఏ మరింత కట్టుదిట్టమైన తరగతిలోకి మార్చింది. మన దేశంలో వైద్య పరికరాల నియమాలు 2017లో వచ్చాయి. పరికరాల వల్ల కలిగిన హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015 నుంచి ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఆధ్వర్యంలో నడుస్తోంది. పిన్ను చుట్టూ ఎగ్జిమా వచ్చిన రోగి గురించి డాక్టరు అక్కడికి నివేదిక పంపవచ్చు. సామాన్యంగా ఎవరూ పంపరు. చిన్న ఇబ్బందులన్నీ డిశ్చార్జితోపాటే మరుగున పడతాయి.

ఫారంలో ఏం రాయించాలి

‘మెటల్ అలర్జీ ఉంది’ అని రాయిస్తే సర్జన్‌కు దాని నుంచి తెలిసేది తక్కువ. ‘చెవులకు, మెడకు గిల్టు నగలతో రెండు రోజుల్లో దురద, పొక్కులు, రసి, 22 క్యారెట్ల బంగారంతో ఏమీ రాదు’ అని రాయిస్తే అది నికెల్ అని చాలావరకు తేలిపోతుంది. వైట్ గోల్డ్ కొన్నింటిలో నికెల్ కలుపుతారు గనక దాని సంగతి వేరుగా చెప్పాలి. పాత ఆపరేషన్‌లో పిన్నులు వేసి ఉంటే అప్పుడు ఏమైందన్నది అన్నిటికన్నా విలువైన సమాచారం. ప్లాస్టర్ పడకపోతే లోహం కింద కాకుండా విడిగా రాయించాలి. ఎందుకంటే దానికి చేయాల్సిన ఏర్పాటు వేరు. లోపల ఏదైనా శాశ్వతంగా వేస్తున్నారా, అది స్టీలా, టైటానియమా, నిటినాలా అని పేరు పెట్టి అడగడంలో మొహమాటపడాల్సింది లేదు. పెట్టె మీది లేబుల్‌లో సాధారణంగా ఉంటుంది, ఆ స్టిక్కర్ కేసు షీటులో అతికించడం చాలా చోట్ల అలవాటు. డిశ్చార్జి కాగితంలో కూడా రాసివ్వమని అడగవచ్చు.

చెన్నై నుంచి దాదాపు 175 కి.మీ. దూరంలోని నెల్లూరికి వెళ్లిపోయి, అక్కడే దగ్గరి క్లినిక్‌లో పిన్నులు తీయించుకునేవారు ఎక్కువ. అన్ని క్లినిక్‌లలో పిన్నులు తీసే పట్టకారు ఉండదు, మామూలు ఫోర్‌సెప్స్‌తో లాగితే కాళ్లు అడ్డం తిరిగి చర్మం చిరుగుతుంది. డిశ్చార్జి రోజునే ఆ చిన్న పరికరాన్ని అడిగి తీసుకెళ్లడం మంచిది. పిన్నుల చుట్టూ దురద, పొక్కులు ఉంటే వాటిని తీయించడానికి ముందు, కట్టు విప్పాక పగటి వెలుతురులో ప్లాస్టర్ అంచులు, పిన్నుల వరుస రెండూ కనిపించేలా ఒక ఫొటో తీసి ఉంచుకోవాలి. పిన్నులు తీసిన వారానికి ఎరుపు తగ్గిపోయి, అది ఏ ఆకారంలో ఉండేదో చెప్పే ఆధారం ఆ ఫొటో తప్ప మరొకటి మిగలదు.